మైనస్ పదహారు గంటలు

కాలేజీలో మొదటి రోజు నేను క్లాసు గుమ్మంలో నిలబడగానే, వెనక బెంచీలో ముగ్గురు కుర్రాళ్లు గబగబా జేబులు తడుముకున్నారు. బస్సు పాసుల కోసం. డ్యూటీ దిగి, చీర మీద ఖాకీ కోటైనా విప్పకుండా నేరుగా వచ్చేశాను మరి. వాళ్లలో ఒకడు రోజూ కడియంలో నా బస్సే ఎక్కుతాడు. ఎక్కడమంటే లోపలికి రాడు, ఫుట్‌బోర్డు మీద వేలాడతాడు. వాడు లేచి పాసు చూపించబోయి మధ్యలో ఆగిపోయాడు.

"ఇక్కడ కూడా చెకింగేనాండి?" అన్నాడు.

"కాదు బాబూ. కొంచెం జరుగు. నేనూ కూర్చోవాలి" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, కూర్చున్నాక చూసుకుంటే బెంచీ అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాను. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టినదాన్ని, కదలని బెంచీని పట్టుకున్నాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు.

ఈ మధ్య డిపోలో కొత్తగా చేరిన ఆడపిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. "మేడమ్, మీరు కండక్టరుగా ఉంటూ కంప్యూటరు కోర్సు చదివారంట కదా, ఎందుకండీ?" అని అడిగారు. కాఫీ తాగేలోపు చెప్పగలిగినంత చెప్పాను. వాళ్లు వెళ్లాక, చెప్పాల్సింది సగం కూడా చెప్పలేదనిపించింది. అందుకే ఇది.

కంప్యూటరు నా దగ్గరికి చెయ్యి విరగడం వల్ల వచ్చింది. వానలో బస్సు దిగుతూ జారిపడ్డాను. ఎడమ చేతికి కట్టు కట్టారు. కట్టు ఉన్నన్నాళ్లు నన్ను డిపో ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడ ఒక మూల పువ్వుల గుడ్డ కప్పిన కంప్యూటరు ఉండేది. పై ఆఫీసుకి ఉత్తరాలు కొట్టడానికి తప్ప ఎవరూ దాని జోలికి వెళ్లేవారు కాదు. పక్క బల్ల దగ్గర చార్టు రాసే గుమాస్తా గారు కూర్చునేవారు. రేపు ఏ బస్సుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు అన్నది తేల్చేది ఆయనే. రోజూ మధ్యాహ్నం పెన్సిలుతో రాసేవారు, రబ్బరుతో చెరిపేవారు, మళ్లీ రాసేవారు. సాయంత్రానికి ఆయన పంచె నిండా రబ్బరు పొట్టు.

"ఊరికే కూర్చుంటే తోచదు గానీ, అది ముట్టుకో అమ్మాయ్. కరవదులే" అన్నారు ఒకరోజు.

ముట్టుకున్నాను. ఒంటి చేత్తో ఒక్కో మీటా నొక్కి చూశాను. ఏది నొక్కితే ఏమయిందో గుర్తుపెట్టుకున్నాను. పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుకి అది లొంగేది కాదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని దాని వెంటపడ్డాను. కట్టు విప్పి నన్ను మళ్లీ బస్సెక్కించాక కూడా, డ్యూటీ దిగి ఆఫీసుకే వెళ్లి కూర్చునేదాన్ని. ఏడాది తిరిగేసరికి స్ప్రెడ్‌షీట్ అనే గళ్ల షీటులో డ్యూటీ చార్టు తయారు చేశాను. మనుషుల పేర్లు, బయల్దేరే గంట, దిగే గంట కొడితే చాలు, ఎవరికి విశ్రాంతి అయిందో, రేపు ఎవరు ఖాళీయో అదే వరసగా పేర్చి చూపించేది.

గుమాస్తా గారు రబ్బరు పక్కన పడేశారు. "ఎవరు నేర్పారమ్మా నీకు?" అని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. "ఎవరూ లేరండి" అనేదాన్ని. ఆ మాట అనడం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. ఇంకెవరైనా అడిగితే బాగుణ్ణని ఎదురు చూసేదాన్ని.

ఆ ఏడు శివరాత్రికి ద్రాక్షారామం స్పెషల్ బస్సులు వేశారు. గుమాస్తా గారు షీటు ఇచ్చిన చార్టు ఇచ్చినట్టే తీసి బోర్డుకి అంటించారు. తెల్లారి నేను డిపోకి వెళ్లేసరికి బోర్డు దగ్గర గొడవ. మామూలుగా నాతో పడే డ్రైవరుగారు, ఆ వారం రాత్రి సర్వీసులో ఉన్నారు, అప్పుడే భద్రాచలం బస్సు దిగి చేతిలో టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఉన్నారు. ద్రాక్షారామం మొదటి స్పెషల్‌కి ఆయన పేరుంది.

"చెల్లెమ్మా, నన్నిప్పుడు దిగమన్నారా, ఎక్కమన్నారా?" అన్నారు నవ్వుతూనే. ఆయన ఒక్కరే కాదు, రాత్రంతా నడిపి వచ్చిన వాళ్లందరి పేర్లూ పగటి బస్సులకి ఉన్నాయి. మార్చడానికి మనుషులు చాలలేదు. బయట జనం కొబ్బరికాయల సంచులతో బస్సులు చుట్టుముట్టారు. ఒక ముసలావిడ డ్రైవరుగారి చెయ్యి పట్టుకుని, "తలస్నానం చేసొచ్చాను బాబూ, ఎండెక్కక ముందే తీసుకెళ్లు నాయనా" అంది. ఆయన కాదనలేకపోయారు. క్యారియర్ నాకిచ్చి స్టీరింగు దగ్గర కూర్చున్నారు.

కడియం దాటాక కాలవ గట్టు మీద బస్సు ఎడమకి జరిగింది. నేను వెనకాల టికెట్లు కొడుతున్నాను. ఒక్క ఊపు, జనం అరుపులు, తర్వాత దబ్బుమని ఆగింది. గట్టు వారన మొక్కల నర్సరీ వాళ్లు పేర్చిన మట్టి సంచుల్లోకి దిగబడింది ముందు చక్రం. ఆ సంచులే లేకపోతే కాలవలోకే. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరుగారు రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"రెప్ప పడిందమ్మా" అన్నారు.

అన్నేళ్ల సర్వీసులో మచ్చ లేని మనిషికి మెమో ఇచ్చారు. నేను డిపో మేనేజరుగారి గదిలోకి వెళ్లి, "తప్పు ఆయనది కాదండి, నా షీటుది" అన్నాను. మేనేజరుగారు చెడ్డవారు కాదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "సరేనమ్మా. షీటులో తప్పుందంటున్నావు. ఎక్కడుందో చూపించు. అది కాయితం మీద పెడితే మెమో నేనే వెనక్కి తీసుకుంటాను" అన్నారు.

చూపించలేకపోయాను.

వారాల తరబడి వెతికాను. మామూలు రోజుల చార్టులన్నీ సరిగ్గానే వచ్చేవి. శివరాత్రి నాడు మాత్రం ఎందుకలా చేసిందో అంతు చిక్కలేదు. నేను కట్టిన ఇల్లే. ఏ గోడ వంకరగా ఉందో నాకే కనపడలేదు. షీటు వాడొద్దన్నారు. గుమాస్తా గారు సొరుగులోంచి రబ్బరు తీసుకున్నారు. ఎవరూ నేర్పలేదని గొప్పగా చెప్పుకున్నదాన్ని, ఎవరైనా నేర్పి ఉంటే బాగుండునని మొదటిసారి అనుకున్నాను.

కాలేజీ స్టాపులో గోడకి ఒక కాయితం అంటించి ఉండేది. ఏడాది కంప్యూటర్ డిప్లొమా, క్లాసులు మధ్యాహ్నం నుంచి, ఇంటర్ పాసైతే చాలు. రోజూ ఆ స్టాపులో బస్సు ఆపుతూ దాన్ని చదివేదాన్ని. జూన్‌లో లోపలికెళ్లి అడిగాను. వయసుతో పని లేదన్నారు. చిక్కల్లా డ్యూటీతోనే. మధ్యాహ్నానికి దిగాలంటే ఏడాదంతా తెల్లవారుజాము బస్సే చెయ్యాలి. ఆ వేళకి లేచొచ్చే డ్రైవరు ఎవరు?

మా డ్రైవరుగారికి సంగతి తెలిసింది. "నేనొస్తాను. నువ్వు చదువుకో చెల్లెమ్మా" అన్నారు. మెమో ఇంకా ఆయన మీద ఉంది. ఆ మాటకి నేను ఆయన కళ్లలోకి చూడలేక, టికెట్ల మిషను సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఇంట్లో మా ఆయన, "సాయంత్రం వంట నాది" అన్నారు. ఆ ఏడాదంతా మా ఇంట్లో సాయంత్రాలు చారన్నమే. పిల్లలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

మా లెక్చరరు మేడమ్ మా పెద్దమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. సన్నగా, మెల్లగా మాట్లాడేది. నన్ను "మీరు" అనే పిలిచేది, నేనూ "మేడమ్" అనేదాన్ని. మొదటి పరీక్షలో కొన్ని అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చే ప్రోగ్రాం రాయమంది. క్లాసులో అందరికన్నా ముందు నేనే రాసిచ్చాను. అంకెలు సరిగ్గా వరసలో పడ్డాయి. మార్కులు చూస్తే సగం కూడా లేవు.

"జవాబు కరెక్టే కదా మేడమ్?" అన్నాను, గొంతు కొంచెం పైకి లేచింది.

"కరెక్టేనండి. అయితే ఎందుకు కరెక్టయిందో చెప్పండి."

"పనిచేస్తోంది కదా."

"ఈ అంకెలకి చేసింది. వేరే అంకెలిస్తే చేస్తుందని మీకు నమ్మకం ఏంటండి?"

ఆ రోజు ఇంటికెళ్తూ మానేద్దామనుకున్నాను. డిపో అంతా మెచ్చుకున్న నా పనితనానికి నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల సగం మార్కులిస్తుందా అని ఒళ్లు మండింది. ఇంట్లో చారన్నం తిని పడుకుంటే నిద్ర పట్టలేదు. మేడమ్ అడిగినదీ, మేనేజరుగారు అడిగినదీ ఒకటే ప్రశ్న, లోపల ఏం జరుగుతోందో చూపించమని. అది తట్టాక కోపం పోయింది. మర్నాడు క్లాసుకి వెళ్లాను.

ఆ పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చింది ఫుట్‌బోర్డు కుర్రాడికి. నాకు భలే చిన్నతనంగా అనిపించింది గానీ, మర్నాడు కడియంలో వాడు ఎక్కగానే లోపలికి పిలిచాను.

"ఒరేయ్, వేలాడడం మానేస్తే నా సీట్లో కూర్చోనిస్తాను. దారిలో నాకా బొమ్మలు చెప్పాలి" అన్నాను. బొమ్మలంటే ఫ్లోచార్టులు. ప్రోగ్రాం ఎటు నుంచి ఎటు వెళ్తుందో డబ్బాలూ బాణాలూ గీసి చూపిస్తారు. నాకవి మింగుడుపడేవి కావు.

"బస్సు రూటనుకోండి కండక్టరు గారూ. ఇక్కడ స్టాపు. జనం ఉంటే ఆపు, లేకపోతే పోనీ" అన్నాడు.

"జనం ఉండీ బస్సులో చోటు లేకపోతేనో?"

"అదిగో, అక్కడింకో డబ్బా గియ్యాలి."

ఆ ఒక్క మాటతో నాకు బొమ్మలు పట్టుబడ్డాయి. టికెట్లు కొట్టి వచ్చినప్పుడల్లా వాడి పక్కన నిలబడి ఒక్కో డబ్బా చెప్పించుకునేదాన్ని. డ్రైవరుగారు అద్దంలోంచి చూసి నవ్వుకునేవారు.

ఒకరోజు వాళ్లమ్మ ఎక్కింది. నర్సరీలో మొక్కలకి సంచులు నింపే పని ఆవిడది. గోళ్ల నిండా ఎర్రమట్టి. టికెట్టు తీసుకుంటూ చెయ్యి చీరకి తుడుచుకుని, "ఆయ్, మావోడు మీ కాలేజీయేనంటండి. ఎలా సదువుతున్నాడండి?" అంది. నేను వాడికి పంతులమ్మననుకుంది పాపం.

"నాకు చెప్పేంత బాగా చదువుతున్నాడమ్మా" అన్నాను. ఆవిడకి అర్థమైందో లేదో గానీ దిగేదాకా నవ్వు మొహంతోనే కూర్చుంది.

చలికాలం మొదలయ్యేసరికి మేడమ్ ఒక కొత్త పని చెప్పింది. ఎవరికి వాళ్లు సొంతంగా తయారు చేసిన ప్రోగ్రాం ఏదైనా తెచ్చి, దాన్ని తప్పులో పడెయ్యాలి. "మంచి లెక్కలిస్తే అన్నీ బాగానే చేస్తాయండి. ఇబ్బంది పెట్టే లెక్కలివ్వండి. ముందు మీ చేత్తో జవాబు రాసుకోండి. ఆ తర్వాతే మెషీన్ని అడగండి" అంది.

నేను నా షీటు తెచ్చాను. నిజం చెప్పాలంటే, పనికిరాదని పక్కన పడేసిన దాన్ని నలుగురి ముందూ తెరవడానికి చెయ్యి ఆడలేదు. ల్యాబ్‌లో కూర్చుని కాయితం మీద లెక్కలు రాయడం మొదలుపెట్టాను. ఉదయం ఆరుకి ఎక్కి మధ్యాహ్నం రెండుకి దిగితే ఎనిమిది గంటలు. షీటూ ఎనిమిదే అంది. ఏడుకి ఎక్కి పన్నెండుకి దిగితే అయిదు. అదీ సరిపోయింది.

పక్కనున్న ఫుట్‌బోర్డు కుర్రాడు తొంగిచూశాడు. "అన్నీ పగటి డ్యూటీలే రాశారేంటండి? మా నర్సరీ లారీలన్నీ రాత్రే బయల్దేరతాయి. మీకు రాత్రి బస్సుల్లేవా?"

రాత్రి పదికి ఎక్కి తెల్లవారి ఆరుకి దిగితే. కాయితం మీద ఎనిమిది అని రాశాను. షీటులో ఇరవై నాలుగు గంటల లెక్కన ఇరవై రెండు, ఆరు కొట్టాను. పని గంటలు లెక్కకట్టే వరస ఒకటి ఉండేది. చార్టు అందంగా ఉండాలని దాన్ని కనపడకుండా దాచేశాను నేనే. వెతికినన్నాళ్లూ అది ఉందన్న సంగతే మర్చిపోయాను. ఇప్పుడు దాన్ని తెరిచాను.

మైనస్ పదహారు.

ఆరులోంచి ఇరవై రెండు తీసేసింది. దానికి రాత్రి పన్నెండు దాటితే రోజు మారుతుందని నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తట్టలేదు. ఇక మిగతాదంతా నా కళ్లముందే విడిపోతూ వచ్చింది. తక్కువ గంటలు పని చేసినవాళ్ల పేర్లు ముందు పెట్టమని షీటుకి చెప్పాను. మైనస్ పదహారు అన్నిటికన్నా తక్కువే కదా. మామూలు రోజుల్లో రాత్రి డ్యూటీ వాళ్లకి మర్నాటి సెలవు గుమాస్తా గారే చేత్తో వేసేసేవారు కాబట్టి తప్పు బయటపడలేదు. శివరాత్రికి మాత్రం అందరి పేర్లూ షీటుకే వదిలేశారు. రాత్రంతా బస్సు నడిపిన మనిషి, డిపో మొత్తంలో అందరికన్నా ఎక్కువ నిద్రపోయినవాడిలా కనపడ్డాడు దానికి. అందుకే వరసలో మొట్టమొదట ఆయన పేరే పెట్టింది.

నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. కుర్రాడు కంగారుపడి మేడమ్‌ని పిలిచాడు. ఆవిడ వచ్చి స్క్రీన్ చూసింది, నా కాయితం చూసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లుగా వెతుకుతున్నారండి దీన్ని?" అంది.

"శివరాత్రి నుంచి మేడమ్."

"దొరికింది కదా. ఇంకేం" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రమే మేనేజరుగారి గదికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, "నాకర్థమయ్యేలా చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆయన నమ్మకుండా, శివరాత్రి నాటి డ్యూటీలన్నీ మళ్లీ షీటులో కొట్టమన్నారు. గుమాస్తా గారు పాత చార్టు చదివి చెబుతుంటే ఒక్కొక్కటే కొట్టాను. ఆ పొద్దున బోర్డు మీద ఏ పేర్లు తప్పుగా పడ్డాయో అవే, అదే వరసలో దిగాయి. దాచిన వరస తెరిచి చూపించాను. ప్రతి పేరు పక్కనా ఒక మైనస్.

మేనేజరుగారు వేలు పెట్టి ఒక్కో పేరూ చూశారు. "రాసి పట్రా" అన్నారు. రాసిచ్చాను. కొన్ని వారాల్లో డ్రైవరుగారి మెమో రద్దయింది.

ఆ కబురు చెప్పడానికి వెళ్తే ఆయన బస్సు అద్దం తుడుస్తున్నారు. "అయినా రెప్ప పడింది నాదే కదమ్మా" అన్నారు.

"రెప్ప మీదే అన్నయ్యగారూ. మిమ్మల్ని నిద్రపోకుండా ఎక్కించింది నా షీటు. ఏది ఎవరిదో ఇప్పుడు చూపించగలను" అన్నాను. ఆ గుడ్డతోనే ఆయన మొహం తుడుచుకున్నారు.

డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. కుర్రాడికి నాకన్నా ఎక్కువే వచ్చాయి, అందులో నాకు ఆశ్చర్యం లేదు. నేను ఉద్యోగం మారలేదు. కొన్నాళ్లకి సగం రోజులు బస్సులోనూ సగం రోజులు డిపో కంప్యూటరు దగ్గరా వేశారు, రిటైరయ్యేదాకా అలాగే చేశాను. ఆ తర్వాత పై నుంచి పెద్ద ప్రోగ్రాం ఏదో వచ్చి నా షీటు మూలపడింది. పడనివ్వండి. ఆ తప్పు దిద్దాక ఉన్నన్నాళ్లూ అది మళ్లీ ఎవరికీ నిద్ర లేకుండా చెయ్యలేదు.

మీకు చెప్పదలుచుకున్నది ఇదే. సొంతంగా నేర్చుకోండి. అందులో ఉన్న సంతోషం నేను వదులుకోను, మీరూ వదులుకోవద్దు. కాకపోతే, "ఇది ఎందుకు పనిచేస్తోంది?" అని అడిగే మనిషి ఒకరు ఎదురుగా ఉండాలి. నాకా మనిషి నలభై మూడేళ్లకి దొరికింది. మీరు అన్నాళ్లు ఆగక్కర్లేదు.

ఆ మరుసటి శివరాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. మేనేజరుగారు నన్ను పిలిచి, "స్పెషల్ చార్టు నువ్వే వెయ్యి" అన్నారు. రాత్రి, పగలు, రోజు మారడం, అన్నీ కలిపి షీటు మళ్లీ మొదటి నుంచి రాశాను. అయినా ఒక్క దాన్నే నమ్మలేదు. గుమాస్తా గారిని విడిగా కూర్చుని పెన్సిలుతో తన చార్టు తను వెయ్యమన్నాను. "మళ్లీ నాకెందుకమ్మాయ్ ఈ బాధ?" అంటూనే వేశారు. రెండూ పక్కపక్కన పెట్టి పేరు పేరునా సరిచూశాం. ఒక్క చోట తేడా వచ్చింది. చూస్తే ఆయన పొరపాటు. ఆయన తన చార్టు చూసుకుని, నా చార్టు చూసి, "పోన్లే, అంటించెయ్" అన్నారు.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. అయినా తెల్లారేసరికి డిపోకి వెళ్లాను. బోర్డు దగ్గర అందరూ పేర్లు చూసుకుని, ఏమీ అనకుండా బస్సుల వైపు నడిచారు. ఎవరూ నన్ను పిలవలేదు, ఎవరూ ఏదీ అడగలేదు. నేను గేటు పక్కన నిలబడ్డాను. ఒక్కో బస్సూ ద్రాక్షారామం బోర్డు పెట్టుకుని బయటికొస్తోంది. డ్రైవర్లు తలలు దువ్వుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఉన్నారు. వెళ్లే ప్రతి బస్సులోనూ స్టీరింగు దగ్గరున్న మనిషి కళ్లలోకి చూశాను. అందరూ రాత్రి ఇంట్లో పడుకుని లేచినవాళ్లే.